ఖాళీ కాని కుర్చీ

పోయిన వారం అక్కని మనం ఏజెన్సీ మెట్ల మీద, రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఎంత బాగా అంటే, లోపలున్నవాళ్లు లేచి నిలబడి మరీ సాగనంపారు. ఆ సంతోషంలో బయటికి వస్తుంటే, గుమ్మం దాకా వచ్చిన ఏజెన్సీ అమ్మాయి మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. అది చెవిన పడ్డాక అక్కకి కాళ్ల కింద మెట్లు కనిపించలేదు.

ఆ సంగతేమిటో చెప్పే ముందు, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లి రావాలి.

అక్క రంగుల ఫ్యాక్టరీలో షేడ్లు కలిపే మనిషి. ఇవాళ ఒక డబ్బా కొని సగం గోడకి వేసి, వచ్చే ఏడాది ఇంకో డబ్బా కొని మిగతా సగానికి వేసినా మధ్యలో అతుకు కనబడకూడదు. ఆ అతుకు కనబడనీయకపోవడమే ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు చేరిన ఫ్యాక్టరీ. జుట్టు నెరిశాక ఒక ఉదయం వెళ్లేసరికి గేటుకి తాళం ఉంది. యజమాని అమ్మేశాడు. కొన్నవాడికి స్థలం కావాలి గానీ రంగులు అక్కర్లేదు. భర్త బస్సు డిపోలో మెకానిక్. ఆయన జీతం మీద ఇల్లు ఎలాగో నడుస్తూనే ఉంది. అక్క మాత్రం పొద్దున లేచి తల దువ్వుకుని, వెళ్లడానికి చోటు లేక మళ్లీ మంచం మీద కూర్చునేది.

మొదట్లో కనబడిన ప్రతి ప్రకటనకీ అర్జీ పెట్టింది. బట్టల కొట్టు, ఆసుపత్రి రిసెప్షన్, కొరియర్ ఆఫీసు, ఏదీ వదల్లేదు. ఒకే కాగితాన్ని అందరికీ పంపింది. ఎవరూ పలకలేదు. అప్పుడు చెల్లెలు ఒక సెలవు రోజున వచ్చి కంప్యూటర్ ముందు పక్కన కూర్చోబెట్టుకుంది. ఊళ్లో అందరి తలుపులూ కొట్టడం మానెయ్యమంది. ఎవరికి నీ కన్ను కావాలో ముందు వాళ్లని వెతుకు, వాళ్ల గురించి వాళ్లకంటే ఎక్కువ తెలుసుకో, అప్పుడు కొట్టు తలుపు, అని చెప్పింది.

చెల్లెలికి రంగు చూడటం నేర్పింది అక్కే. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లని వెంటబెట్టుకెళ్లి తన ఫ్యాక్టరీలోనే పనిలో పెట్టింది. తర్వాత చెల్లెలు ప్లాస్టిక్ రంగుల కంపెనీకి మారింది. సీసా మూతలకీ బకెట్లకీ కలిపే రంగు గుళికలు తయారుచేసే చోటు అది. ఇప్పుడక్కడ ల్యాబ్ ఇన్‌చార్జ్. అలా ఒకప్పుడు ఇచ్చిన చదువు ఇంకో రూపంలో తిరిగి అందినట్టయింది అక్కకి.

నేర్చుకోవడంలో అక్క ఎవరికీ తీసిపోలేదు. రంగు కావలసింది గోడలకే కాదని వెతుకుతుంటే తెలిసింది. కట్టుడు పళ్లు చేసేవాళ్లకి పంటి షేడ్ కుదరాలి. సొట్టపడిన కార్లు బాగుచేసేవాళ్లకి పాత రంగులో కొత్త రంగు కలిసిపోవాలి. లిప్‌స్టిక్‌లు చేసేవాళ్లు, పుస్తకాలు అచ్చువేసేవాళ్లు, అందరికీ ఒక కన్ను కావాలి. ఏ కంపెనీ కొత్త షెడ్ కడుతోందో వార్తల్లో చదివింది. మూత ఒక రంగు, బకెట్ ఒక రంగు వచ్చిందని కొన్నవాళ్లు రాసిన తిట్లు చదివి, ఆ కంపెనీకి సరైన మనిషి లేడని గ్రహించింది. ఒకే ఉద్యోగానికి మాటిమాటికీ ప్రకటన వేసేవాళ్ల దగ్గర ఎవరూ నిలవడం లేదని అర్థం చేసుకుని పక్కన పెట్టింది. పాత ఫ్యాక్టరీ వాళ్లు ఎవరెక్కడ చేరారో చూసి ఇద్దరు ముగ్గురితో మాట్లాడింది.

అలా వెతుకుతుండగా కంపెనీ పేరు లేని ప్రకటన ఒకటి కంటబడింది. ప్లాస్టిక్ రంగుల సంస్థకి ల్యాబ్ ఇన్‌చార్జ్ కావాలి, వివరాలు ఏజెన్సీ చూసుకుంటుంది. పేరు దాచారు గానీ మిగతావేవీ దాచలేదు. ఫలానా రైల్వే గేటు అవతలి పారిశ్రామికవాడ అన్నారు. అక్కడ ఆ పని చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి మూతబడింది, ఇంకొకటి నల్ల పైపులు తప్ప ఏమీ చెయ్యదు. మిగిలింది చెల్లెలి కంపెనీ. పైగా ప్రకటన చివర, ‘రంగు కొలిచే మెషీన్ సరేనన్నా కంటితో చూడందే ఒప్పుకోని మనిషి కావాలి’ అని ఉంది. ఆ మాట అక్కది. చెల్లెలికి పని నేర్పిన రోజుల్లో విసిగించి విసిగించి చెప్పిన మాట. అది చదివి అక్క నవ్వుకుంది. చెల్లెలే రాసింది, పని పెరిగి ఇంకో మనిషిని తీసుకుంటున్నారు కాబోలు అనుకుంది. చెల్లెలికి చెప్పకుండానే అర్జీ పెట్టింది. ఇంటర్వ్యూ ఏజెన్సీ ఆఫీసులోనే కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఇక ఏజెన్సీ అమ్మాయి అన్న మాట. “మీరు తొందరగా చేరాల్సి ఉంటుంది మేడమ్. ఇప్పుడున్నావిడ కడుపుతో ఉందట. ఆవిణ్ని పంపించేస్తున్నారు, ఇంకా ఆవిడకి తెలీదు. అందుకే పేరు లేకుండా వేశాం.”

ఆ మెట్ల మీంచి అక్క ఎలా దిగిందో ఆమెకే గుర్తు లేదు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చెల్లెలి ఇంటికి వెళ్లొస్తానని భర్తతో చెప్పి బయల్దేరింది.

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తు. పక్కవాళ్ల బాల్కనీలో వాషింగ్ మెషీన్ దడదడలాడుతోంది. తలుపు తీసిన చెల్లెలు ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత వదులు బట్టల్ని ముందుకి లాక్కుంటూ, రా అక్కా, చెప్పకుండా వచ్చావేంటి అంది. భర్త డ్యూటీలో ఉన్నాడని, పొద్దుపోయాక గానీ రాడని కూడా చెప్పింది. కొన్నాళ్లుగా ఈ పిల్ల ఫోన్లోనే మాట్లాడుతోందని, ఇంటికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదని అక్కకి ఇప్పుడు తట్టింది. ఆ ఫోన్లలో ఉద్యోగం వేట ఎంతవరకు వచ్చిందని మాత్రం వదలకుండా అడిగేది.

చెల్లెలు టీ పెట్టింది. పై అరలో ఉన్న కప్పుల కోసం స్టూలు ఎక్కబోయి ఆగి, కిందున్న గ్లాసుల్లోనే పోసింది. తెచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుంది. అక్క ఇదంతా చూస్తూనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మీ కంపెనీలో ఎవర్నైనా తీసుకుంటున్నారా అని అడిగింది.

చెల్లెలి మొహం విప్పారింది. తనకి అసిస్టెంట్‌ని ఇస్తామన్నారని, ఇన్నాళ్లకి ఆ సారుకి తన కష్టం కనబడిందని సంబరంగా చెప్పుకొచ్చింది. ఆ సారు అంటే కంపెనీ జనరల్ మేనేజరు. ఎవర్ని ఉద్యోగంలోంచి తీసేసినా గొంతు పెంచకుండా, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ తీసేస్తాడని పనివాళ్లు ఆయనకి మెత్తటి సారు అని పేరు పెట్టారు.

“ఎలాంటి మనిషి కావాలో నువ్వే రాసివ్వమ్మా, నీకే కదా తెలుస్తుంది అన్నారు,” అంది చెల్లెలు. “ఒక పూటంతా కూర్చుని రాశా.”

అక్క ఫోన్ తీసి ప్రకటన తెరిచి ఆమె చేతిలో పెట్టింది. చెల్లెలు పెదాలు కదుపుతూ చదివింది. చదివి, మళ్లీ పైకి వెళ్లింది.

“కింద రాసిందంతా నా మాటలే. పైన అసిస్టెంట్ అని కదా ఉండాలి.”

“ఇన్‌చార్జ్ అని ఉంది,” అంది అక్క.

“పొరపాటున వేసుంటారు.”

“పొరపాటు కాదు. నేను ఇంటర్వ్యూకి వెళ్లాను.”

అక్కడి నుంచి ఆగకుండా చెప్పేసింది. ప్రకటన ఎలా దొరికింది, కంపెనీ ఏదో ఎలా పట్టుకుంది, ఎవరెవరు ఏం అడిగారు, ఏజెన్సీ అమ్మాయి గుమ్మంలో ఏమంది, అన్నీ. చెల్లెలు కదలకుండా వింది. ఆమె మొహంలోంచి రంగు దిగిపోవడం అక్క చూసింది. అలాంటివి చూడటమే కదా ఆమె పని.

పక్కింటి మెషీన్ ఆగింది.

“ఎన్నో నెల?” అని అడిగింది అక్క.

“నాలుగు నిండాయి.”

“మీ సారుకి ఎప్పుడు చెప్పావు?”

“తెలిసిన వారంలోనే. చెప్పక తప్పలేదు. సీసం కలిసిన ఆ పసుపు రంగు పొడి తూచే గదిలోకి నన్ను అడుగు పెట్టొద్దంది డాక్టరు. నా బదులు ఇంకొకర్ని పంపమని అడగాలంటే కారణం చెప్పాలి కదా.”

“ఆయనకి చెప్పడానికి కారణం ఉంది. నాకు చెప్పడానికే లేదన్నమాట.”

చెల్లెలు గ్లాసు బల్ల మీద పెట్టింది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసినదానిలా, తొందర లేకుండా జవాబు చెప్పింది.

“నీకు చెబితే నీ మొహం చూడాలి అక్కా. రెండుసార్లు చూశాను. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ముందు నీ మొహమే కనబడేది. లోపల ఏమీ మిగల్లేదని డాక్టరు నాకు చెప్పక్కర్లేకపోయింది. ఈసారి ఆ మొహం చూడకుండా గడిస్తే చాలనుకున్నా.”

అక్కకి దెబ్బ తగిలింది. ఆ రెండుసార్లూ తిండీ నిద్రా మానుకుని ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నది తను. అదే ఇప్పుడు నేరమై ఎదురుగా నిలబడింది. ఏదో అనబోయి, కడుపుతో ఉన్న మనిషితో ఏమిటని మింగేసింది. కానీ చెల్లెలు ఆగేటట్టు లేదు. పోయిన రంగు మళ్లీ మొహంలోకి వచ్చింది, ఈసారి ఎర్రగా.

“అది మా కంపెనీ అని నీకెప్పుడు తెలుసు?”

“అర్జీ పెట్టక ముందే. నువ్వు చెప్పినట్టే వెతికా.”

“వెతికినదానివి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా? ఇలా మీ దగ్గర ఖాళీ ఉందటే, నిజమేనా అని?”

ఇంకో మనిషిని తీసుకుంటున్నారనే అనుకున్నానని, ఇద్దరం మళ్లీ ఒక్కచోట పనిచేస్తామని సంతోషపడ్డానని, చేరాక చెప్పి ఆశ్చర్యపెడదామనుకున్నానని అక్క చెప్పింది. చెబుతుంటే ఆ మాటలు ఆమె చెవికే చప్పగా వినబడ్డాయి.

“ఆశ్చర్యపెట్టడానికి ఇదేమన్నా పుట్టినరోజా?” అంది చెల్లెలు. “నిజం చెప్పు.”

“నువ్వు వద్దంటావేమోనని భయపడ్డా.”

“అనేదాన్నే.”

అక్క తలెత్తి చూసింది.

“అవును, వద్దనేదాన్నే. నువ్వు అడగలేదు గానీ, అడిగుంటే ఏదో వంక చెప్పేదాన్ని. ఆ ల్యాబులో నేను ఒక మనిషిని అక్కా. నేను సరేనంటేనే సరుకు గేటు దాటుతుంది. నువ్వొచ్చి పక్కన నిలబడితే నేను మళ్లీ నీ వెనకాల టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచే చెల్లెల్ని అయిపోతాను. నీకు కంప్యూటర్‌లో వెతకడం నేర్పింది కూడా అందుకే. నీకు నువ్వుగా ఇంకెక్కడైనా చేరతావని. తిరిగి తిరిగి నా కుర్చీ దగ్గరికే వస్తావనుకోలేదు.”

ఇంతకాలం ఒకరికోసం ఒకరు అన్నట్టు బతికిన ఇద్దరి మధ్య ఇలాంటి మాట ఒకటి ఉందని అక్కకి ఇప్పటిదాకా తెలియదు. టీ గ్లాసు చేతిలో పట్టుకునే ఉంది, తాగలేదు. నా దగ్గర నేర్చుకున్న పనితోనే కదే నువ్వు మనిషివయ్యావు అని నాలుక చివరిదాకా వచ్చింది. అననైతే లేదు గానీ అనుకున్నది మొహంలో కనబడే ఉంటుంది.

కాసేపటికి చెల్లెలే కాస్త తగ్గింది. లేచి కిటికీ దాకా నడిచి వచ్చింది. కడుపుతో ఉన్నందుకు ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి వీల్లేదని, చట్టం ఒప్పుకోదని తనకి తెలుసంది. రేపే లేబర్ ఆఫీసుకి వెళ్తానంది. ప్రకటన ఎలాగూ ఉంది. కానీ ప్రకటనలో కంపెనీ పేరు లేదు. తీసేసేది ఎందుకో బయటి మనిషి నోట విన్నది ఒక్క అక్కే.

“నువ్వు నాతో రావాలి. ఆ అమ్మాయి నీతో ఏమందో అక్కడ చెప్పాలి. సంతకం పెట్టాలి.”

అక్క వెంటనే సరే అనలేదు.

ఎందుకనలేదు అంటే, ఒక్కసారిగా చాలా తోచాయి. ఊళ్లో షేడ్ల పనికి మనుషుల్ని చూసిపెట్టేది ఆ ఏజెన్సీ ఒక్కటే. దాని మీద సాక్ష్యం చెప్పాక ఇంకెవరు పిలుస్తారు? ఏ ల్యాబు గడప ఎక్కనిస్తారు? అన్నిటికంటే అడుగున ఇంకొకటి ఉంది. ఇన్ని నెలల తర్వాత, ఇంటర్వ్యూ చేసినవాళ్లు తన కోసం లేచి నిలబడ్డారు. ఆ సంగతి ఇంకా ఒంట్లో వెచ్చగా ఉంది. ఇదంతా ఒక గుక్క మింగేంతసేపే. ఆ వెంటనే వస్తానని చెప్పడానికి నోరు తెరిచింది.

కానీ ఆ గుక్కని చెల్లెలు చూసేసింది. వెంట్రుకవాసి తేడాని పసిగట్టేలా ఆ కళ్లని తయారుచేసింది అక్కే మరి.

“వద్దులే అక్కా,” అంది చెల్లెలు. “నాకర్థమైంది.”

అక్క లేచి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. వస్తాను, తప్పకుండా వస్తానని చెప్పింది. చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఖాళీ గ్లాసు ఒకటి, నిండు గ్లాసు ఒకటి తీసుకెళ్లి సింకులో పెట్టి వచ్చి తలుపు తీసి పట్టుకుంది.

“నా కుర్చీలో కూర్చున్నాక కిటికీ వైపు తిప్పుకో. అక్కడ వెలుగు బాగుంటుంది.”

అక్క మెట్లు దిగుతుంటే తలుపు వెనకాల గొళ్లెం పడ్డ చప్పుడు వినబడింది.

ఇంటికొచ్చి భర్తకి జరిగింది చెప్పింది. ఆయన గోళ్లలోని గ్రీజు తీసుకుంటూ అంతా విని, మీ అక్కాచెల్లెళ్ల మధ్య నేనేం చెప్పను, నీ ఇష్టం అన్నాడు. ఆయన ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మాత్రం అక్కకి ఆ మంచితనం మీద ఒళ్లు మండింది.

సోమవారం పొద్దున్నే ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. జనరల్ మేనేజరు గారు స్వయంగా మాట్లాడతారట, కంపెనీకి రమ్మన్నారు. అక్క బస్సెక్కింది. బస్సులో నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు ఇంకోసారి చేసింది. ఎత్తకపోతే పోనీ అనుకుంది. వెళ్లి ఉద్యోగం వద్దని మొహం మీదే చెప్పి, అటునుంచి అటే లేబర్ ఆఫీసుకి వెళ్లి చెల్లెలి పక్కన నిలబడాలని నిశ్చయించుకుంది. నిశ్చయం కుదిరాక మనసు కాస్త తేలికపడింది కూడా.

మెత్తటి సారు గది చల్లగా ఉంది. బల్ల పక్కన గోడవారగా, ముందువైపు తలుపు లేని ఒక పెట్టె ఉంది. లోపల బూడిదరంగు పూసి పైన దీపాలు అమర్చారు. రంగులు పోల్చి చూసే పెట్టె అది. ఆయన లేచి నమస్కారం పెట్టి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు.

“మా గురించి చాలా చదివి వచ్చారని ఇంటర్వ్యూ చేసినవాళ్లు చెప్పారమ్మా,” అన్నాడు. “ఆ మాటకొస్తే మేమూ మీ గురించి చదివాం.”

ఆయన ఫోన్ ఇటు తిప్పి చూపించాడు. తెర మీద ఒక ఫొటో. పాత ఫ్యాక్టరీ పెరట్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నీలం. ఎప్పటిదో. చెల్లెలు తన పేజీలో పెట్టుకుంది. కింద, ‘నాకు రంగు చూడటం నేర్పిన మా అక్క. ఈ కన్ను తప్పు చెప్పదు’ అని రాసి ఉంది. తను ఇన్ని కంపెనీల గుట్టు తవ్వి చూసింది గానీ, సొంత చెల్లెలి పేజీ తెరిచి చూడాలని అక్కకి ఎప్పుడూ తోచలేదు.

“మీరు ఎవరో తెలిసే పిలిచాం,” అన్నాడాయన అదే మెత్తదనంతో. “బయటి మనిషిని తెస్తే ఆ అమ్మాయి ఫిర్యాదులంటుంది, నలుగురిలో పడుతుంది. మీరైతే ఇంటి విషయం ఇంట్లోనే సర్దుకుంటుంది. ఉద్యోగం మీ ఇల్లు దాటి పోదు కదా. మీరు నచ్చజెప్పి తనంత తాను రాజీనామా చేసేలా చూస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది.”

ఇంటర్వ్యూలో లేచి నిలబడింది తన పనితనానికి కాదని అక్కకి అప్పుడు అర్థమైంది. ఒంట్లో మిగిలి ఉన్న ఆ కాస్త వెచ్చదనమూ పోయింది. ఒక విధంగా అదే ఆమెకి బలమైంది.

“నాకీ ఉద్యోగం వద్దండి. అది చెప్పడానికే వచ్చాను. మా చెల్లెలు ఎక్కడ ఫిర్యాదు చేస్తే అక్కడికెళ్లి, నేను విన్నది విన్నట్టు చెబుతాను.”

ఆయన నొచ్చుకోలేదు. తల పంకించాడు.

“మీరు ఆమె పక్షాన నిలబడతారన్న సంగతి ఆమెకి తెలుసా?”

అక్క చూపు ఒళ్లో ఉన్న తన ఫోన్ మీదికి పోయింది.

“తెలియనట్టుంది. పొద్దున నాకంటే ముందే వచ్చి నా కోసం కూర్చుంది. మీ కళ్లకి పొర కమ్ముతోందట. తెలుపుకీ లేత పసుపుకీ తేడా కనిపెట్టలేకపోతున్నారట. పాత ఫ్యాక్టరీలో చివరి రోజుల్లో మీ తప్పులన్నీ పక్కవాళ్లు దిద్దేవాళ్లట. అక్క గురించి ఇలా చెప్పడం బాధగా ఉంది, కానీ కంపెనీ ఉప్పు తింటున్నాను కాబట్టి చెప్పక తప్పడం లేదు అంది.”

అక్క కళ్లకి ఏ పొరా లేదు. ఆ సంగతి చెల్లెలికి తెలిసినంతగా ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. ఎప్పుడూ లేనిది అక్కకి నవ్వొచ్చింది. అది నవ్వుగా బయటికి రాలేదు. నీళ్ల గ్లాసు అందుకుని మళ్లీ పెట్టేసింది.

మెత్తటి సారు బెల్లు నొక్కాడు. కాస్త ఆగి చెల్లెలు చిన్న పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె అక్కవైపు చూడలేదు. పళ్లెంలోని మూడు తెల్లటి ప్లాస్టిక్ బిళ్లల్ని తీసి పెట్టెలో దీపాల కింద వరసగా పేర్చింది. పేర్చి పక్కకి జరిగి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“ఫొటో కింద రాసింది ఒకటి, పొద్దున చెప్పింది ఇంకొకటి. ఏది నిజమో నాకు తెలియాలి కదమ్మా,” అన్నాడాయన. “ఇందులో రెండు ఒకే షేడ్. ఒకటి తేడా. ఆ తేడా బిళ్ల మీద వేలు పెట్టండి, అంతే.”

ఉద్యోగమే వద్దన్నాక పరీక్ష ఎందుకని అక్క అడిగింది.

“మీకు ఉద్యోగం వద్దేమో, నాకు జవాబు కావాలి. మీరు సరిగ్గా చూపిస్తే, కంపెనీకి అబద్ధం చెప్పిన మనిషిని నేను ఇవాళే పంపించెయ్యొచ్చు. అప్పుడిక ఆమె కడుపుతో ఉందా లేదా అన్న గొడవే రాదు. తప్పు చూపించారా, ఆమె కంపెనీ మేలు కోరిన మనిషి అవుతుంది, ఉంటుంది. మీ చూపు సంగతి మాత్రం ఏజెన్సీకి చెప్పక తప్పదు. వాళ్లు మిగతా కంపెనీలకి చెబుతారు. చూడకుండా లేచి వెళ్లిపోయినా తప్పు చూపించినట్టే అనుకుంటాను.”

అక్క కుర్చీలోంచి లేచి పెట్టె ముందుకి వెళ్లింది. వంగి చూడాల్సిన పని కూడా లేకపోయింది. నడుమనున్న బిళ్లలో ఉండీ లేనట్టు ఒక ఎర్ర జీర. మెషీన్ కూడా ఒప్పేసుకునే తేడా అది. అక్కకి మాత్రం గోడ మీద సిరా మరకంత స్పష్టంగా కనబడింది.

చెల్లెలు ఒక చెయ్యి బల్ల అంచు మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఉంది. గదిలోకి వచ్చాక మొదటిసారి తలెత్తి అక్క కళ్లలోకి చూసింది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉందా, ‘ఏం చేస్తావో చెయ్యి, చూద్దాం’ అన్న పంతం ఉందా, రంగులో వెంట్రుకవాసి తేడా పట్టే అక్కకి కూడా అంతుపట్టలేదు.

“చూపించండమ్మా,” అన్నాడు మెత్తటి సారు.

అక్క చెయ్యి ఎత్తింది. వేలు బిళ్లల మీదికి వంగింది.